అరవై దాటాక మనసుకు తగిలే దెబ్బ: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు కుటుంబాలు మా కౌన్సెలింగ్‌లో ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్ని పెద్దవాళ్ళే అడిగారు. ఎక్కువ మాత్రం కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు అడిగినవి. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం. కొన్ని జవాబుల్లో "ఏడాది ఆగండి" అని ఉంటుంది, కొన్నిట్లో "ఇవాళే వెళ్ళండి" అని ఉంటుంది. దేనికి ఆగాలో, దేనికి పరిగెత్తాలో తెలియకే చాలా ఇళ్ళల్లో తిప్పలు.

వయసు మీద పడితే దిగులు మామూలేగా? దాన్ని క్రైసిస్ అనడం అతి కాదా?

వయసుతోపాటు దిగులు పెరుగుతుందని అందరూ అనుకుంటారు గానీ అది నిజం కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారా కార్‌స్టెన్‌సెన్ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో పెద్దవాళ్ళు సగటున కుర్రవాళ్ళ కంటే నిబ్బరంగానే ఉంటారని తేలింది. మిగిలిన కాలం తక్కువని తెలిసేసరికి, అక్కర్లేని పరిచయాలు వదిలేసి కావలసిన నలుగురితోనే గడుపుతారని ఆవిడ వివరణ. కాబట్టి నిన్నమొన్నటిదాకా అందరితో కలివిడిగా తిరిగిన మనిషి నెలల తరబడి ముడుచుకుని కూర్చుంటే "వయసు కదా" అని వదిలేయకండి. ఏదో జరిగింది.

ఆ జరిగింది కూడా ఒక్కటే ఉండదు. రిటైరైన ఏడాదే మోకాలు పట్టేస్తుంది, అదే ఏడాది కూతురి కాపురంలో గొడవ. ఒక్కొక్కటిగా వస్తే తట్టుకునే మనిషే మూడూ కలిసొస్తే కూలబడతాడు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేశారు. భర్తో భార్యో పోతే 100, రిటైర్మెంటుకు 45, పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళడానికి 29. ఒక్కగానొక్క కొడుకును డల్లాస్ విమానం ఎక్కించి వచ్చిన పటమట తల్లి ఎవరైనా ఆ 29ని చూస్తే నవ్వుతుంది. అంకెల సంగతి ఎలా ఉన్నా, దెబ్బలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయన్న లెక్క మాత్రం మన ఇళ్ళకూ సరిపోతుంది.

నలభైల్లో వచ్చే మిడ్‌లైఫ్ క్రైసిస్ లాంటిదేనా ఇదీ?

కాదు. ఆ మాటను 1965లో ఎలియట్ జాక్వెస్ అనే మానసిక విశ్లేషకుడు వాడుకలోకి తెచ్చాడు. తనకూ చావు ఉందని మనిషికి మొదటిసారి గట్టిగా తట్టే వయసు గురించి ఆయన రాశాడు. అరవై దాటినవాళ్ళకు ఆ సంగతి కొత్త కాదు. వాళ్ళను కోసేది వేరే ప్రశ్న: "ఇన్నాళ్ళు చేసిందంతా దేనికి? ఇప్పుడు నేనెవరికి కావాలి?" ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీసి, చివరి దశలో జరిగే పెనుగులాట ఇదేనన్నాడు. బతికిన బతుకును మంచీచెడ్డలతో సహా నాదేనని ఒప్పుకోగలిగితే ఒక దారి, లేకపోతే నిరాశ. ఒప్పుకోవడమంటే అన్నీ బాగున్నాయనుకోవడం కాదు.

నాన్నగారు రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. దేని మీదా ధ్యాస లేదు. హాయిగా రెస్ట్ తీసుకోమంటే కోపం వస్తోంది. ఎందుకు?

రెస్ట్ తీసుకోమంటున్నారు కాబట్టే.

విజయవాడలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒకాయన గురించి చెబుతాం. ఏ అర్ధరాత్రి కాల్ వచ్చినా లేచి డ్యూటీకి పోయిన మనిషి. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కృష్ణా బ్రిడ్జి వైపు నుంచి కూత వినపడగానే గోడ గడియారం వైపు చూసి "పన్నెండు నిమిషాలు లేటు" అంటారు. ఎవరితో అంటారంటే ఎవరితోనూ కాదు. కొడుకు దాన్ని పిచ్చి అనుకున్నాడు. కానీ ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నారు, డ్యూటీయే లేదు.

ఉద్యోగం జీతంతోపాటు చాలా ఇస్తుంది. పొద్దున్నే లేవడానికి కారణం, రోజుకో ఆకారం, కష్టం చెప్పుకోవడానికి నలుగురు, "ఫలానా వారు" అన్న గుర్తింపు. పెన్షన్ వీటిలో జీతాన్ని మాత్రమే కొంత భర్తీ చేస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 నుంచి రిటైర్మెంటు వయసు 62 అయింది కాబట్టి ఇప్పుడు షష్టిపూర్తి అయ్యాక కూడా ఆఫీసుకు వెళ్తున్నారు. దండలు, ఫోటోలు, భోజనాలు అన్నీ ఉద్యోగంలో ఉండగానే అయిపోతాయి. అసలు ఖాళీ మొదలయ్యేసరికి పలకరించేవాళ్ళు ఉండరు.

పొద్దున వాకింగ్, సాయంత్రం టీవీ చాలవు. ఆయన రాకపోతే ఆగిపోయే పని ఒకటి కావాలి. అపార్ట్‌మెంటు అసోసియేషన్ లెక్కలు, వీధిలో పదో తరగతి పిల్లలకు లెక్కల పాఠం, పెన్షనర్ల సంఘంలో కాగితాల పని, ఏదైనా సరే. పై గార్డుగారి విషయంలో, కొత్తగా రిటైరైన స్టాఫుకు పెన్షన్ ఫారాలు నింపిపెట్టే పని కుదిరింది. కూతలు ఇప్పటికీ వింటారు. వినకూడదని ఎవరన్నారు?

ఒక్క హెచ్చరిక. రిటైర్మెంటు డబ్బు చేతికి రాగానే వ్యాపారం, చిట్టీలు, ఎవరో చెప్పిన ప్లాట్లు అంటూ దిగేవాళ్ళుంటారు. మళ్ళీ ఏదో ఒకటి అయిపోవాలన్న ఆత్రం అది. ఏడాదిపాటు డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.

ఆయన రిటైరయ్యారు, నాకు పిచ్చెక్కుతోంది. ఇది కూడా క్రైసిస్సేనా?

అవును, మీది. ముప్ఫయ్యేళ్ళు పగలంతా మీదిగా ఉన్న ఇంట్లోకి ఒక సూపర్‌వైజర్ వచ్చి కూర్చున్నాడు. పప్పు డబ్బా ఇక్కడెందుకు, గ్యాస్ అంత పెద్ద మంట ఎందుకు, ఫోనులో అంతసేపు ఎవరితో. వంటింటికి రిటైర్మెంటు లేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కూరగాయల మార్కెట్టు, కరెంటు బిల్లు, ఒక పూట టిఫిను పూర్తిగా ఆయనకు అప్పగించండి. అప్పగించాక వంక పెట్టకండి. రోజూ కొన్ని గంటలు ఇద్దరూ చెరో చోట ఉండేలా చూసుకోండి.

మావయ్యగారు పోయి ఎనిమిది నెలలు. అత్తయ్య ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నారు. ఎన్నాళ్ళని ఊరుకోవాలి?

ఎనిమిది నెలలకు ఏడవడం జబ్బు కాదు. మన పద్ధతిలో నెలనెలా మాసికాలు పెట్టి, ఏడాదికి సంవత్సరీకం చేస్తాం. ఆ ఏడాదీ దుఃఖానికి ఇంట్లో చోటు ఉంటుంది, చుట్టాలు వస్తారు, ఆయన పేరు పలుకుతారు. అమెరికన్ సైకియాట్రిస్టుల లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది. 2022లో వచ్చిన వాళ్ళ మాన్యువల్ ప్రకారం, వయోజనుల్లో కనీసం ఏడాది గడిచాకే దాన్ని దీర్ఘకాలిక దుఃఖం అనే సమస్యగా గుర్తిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మాత్రం గడువు ఆరు నెలలు.

కాలం కంటే తీరు ముఖ్యం. దుఃఖం అలలుగా వచ్చి పోతూ, మధ్యలో మనవరాలి మాటకు నవ్వు వస్తుంటే ఫర్వాలేదు. తిండి మానేసినా, బరువు తగ్గిపోతున్నా, "ఆయన పోవడానికి నేనే కారణం" అని పట్టుకు కూర్చున్నా గడువులు చూసుకుంటూ ఆగొద్దు, డాక్టరుకు చూపించండి.

ఇంకో కోణం ఉంది, దాన్ని మగపిల్లలు సాధారణంగా గమనించరు. గుంటూరు బ్రాడీపేటలో ఒకావిడ భర్త పోయిన మూడో నెలలో కూడా ఇద్దరికి సరిపడా బియ్యమే కడిగేవారు. అందరూ దాని గురించే బాధపడ్డారు. ఆవిడను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది బియ్యం కాదు. ఏటీఎం కార్డు ఎలా వాడాలో తెలియదు. ఫ్యామిలీ పెన్షన్‌కు ఏ కాగితం ఎక్కడుందో తెలియదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని ఎవరో అంటే, ఇవ్వకపోతే డబ్బులు ఆగిపోతాయని భయం. అడిగితే చులకనైపోతానని మొహమాటం. కూతురు వచ్చి వారంపాటు రోజూ బ్యాంకుకు తీసుకెళ్ళి, పనులు తను చేయకుండా ఆవిడ చేతే చేయించాక కాస్త నిద్ర పట్టింది. సగం ధైర్యం పాస్‌బుక్కులో ఉంటుంది.

పొలం పోయాక మా నాన్న మనిషి కాలేదు. డబ్బులైతే వచ్చాయి. ఇంకేం కావాలి?

రాజధాని ఊళ్ళ నుంచి ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. 2015లో 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. మెట్టకు ఎకరానికి ఏడాదికి 30,000, జరీబుకు (ఏడాదంతా నీటి వసతి ఉన్న భూమికి) 50,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి, ఏటా పెంచుతూ పదేళ్ళపాటు కౌలు ఇస్తామన్నారు. అందులోని రాజకీయం జోలికి మేం పోం. కానీ అరటి, కూరగాయలు, పూలు అని ఏడాది పొడుగునా ఏదో ఒక పంట పండించిన జరీబు రైతుకు అరవయ్యో ఏట ఒక్కసారిగా పొద్దున్నే వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది. రిటైరైన ఉద్యోగికి కనీసం తారీఖు ముందే తెలుసు, శాలువా కప్పుతారు. రైతుకు ఆ పాటి వీడ్కోలు కూడా లేదు. చేతిలో డబ్బుండి దిగులు పడితే "ఇంకేం తక్కువైంది" అంటారు కాబట్టి నోరు విప్పడు. తాగుడు మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే.

పాతిక సెంట్లయినా కౌలుకు తీసుకుని సొంత తిండికి సాగు చేయమని మేం చెప్పేది లాభం చూసి కాదు. "దండగ పని" అని కొడుకులు అడ్డం పడుతుంటారు. అడ్డం పడకండి.

పెద్ద వాన పడితే చాలు మా అమ్మమ్మ రాత్రంతా కూర్చునే ఉంటుంది. మాది సింగ్‌నగర్.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ ప్రాంతంలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. పెద్దవాళ్ళకు పోయింది ఫ్రిజ్జు, మంచం మాత్రమే కాదు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ గుర్తులు కూడా. వాన చప్పుడుకు ఒళ్ళు ముందే ఉలిక్కిపడుతుంది, ఆవిడ కావాలని చేసేది కాదు. "అయిపోయిందిగా, మర్చిపో" అనడం వల్ల ఉపయోగం లేదు. మందులు, కాగితాలు, చార్జర్ ఒక సంచిలో సర్ది ఆవిడకు చూపించండి. నీళ్ళొస్తే ఎవరింటికి వెళ్ళాలో ముందే అనుకోండి. అయినా నిద్ర లేకపోతే, పీడకలలు వస్తుంటే చికిత్స ఉంది.

పిల్లలిద్దరూ అమెరికాలో. మేం వెళ్ళి ఆరు నెలలుండి వస్తాం. వచ్చినప్పటి నుంచి ఇంకా దిగులు. ఎక్కడ పొరపాటు?

పొరపాటేమీ లేదు. అక్కడ మనవళ్ళతో రోజంతా పని ఉంటుంది, కానీ కారు నడపలేరు, పలకరించే మనిషి లేడు. ఇక్కడికొస్తే పలకరింపులున్నాయి, పని లేదు. రెండు చోట్లా సగం సగం. వీడియో కాల్ రోజూ చేస్తున్నారని పిల్లలు అంటారు. "తిన్నారా, బీపీ మందు వేసుకున్నారా" అనే కాల్ హాజరు వేయడం లాంటిదే. మీ సలహా అడిగే కాల్ వారానికి ఒకటి వచ్చినా మేలు. ఇల్లు అమ్మేసి శాశ్వతంగా వెళ్ళిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం, ఈ దిగులు తగ్గాకే నిర్ణయించండి.

పాత సంగతులే మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. ఛాదస్తమా?

రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ డాక్టరు 1963లో దీని గురించే రాశారు. అప్పటిదాకా డాక్టర్లు కూడా ఛాదస్తం అనే అనుకునేవారు. చివరి వయసులో మనిషి తన జీవితాన్ని తిరగేసి లెక్క చూసుకుంటాడని, అది సహజమైన పని అని ఆయన అన్నారు. వినేవాళ్ళుంటే ఆ లెక్క తేలుతుంది. ఒకే కథ పదిసార్లు వస్తోందంటే అందులో తేలనిది ఏదో ఉంది. "అప్పుడు మీకేమనిపించింది?" అని అడిగి చూడండి, కథ ముందుకు కదులుతుంది. నిన్న చెప్పానన్న సంగతే గుర్తులేకుండా చెబుతుంటే అది వేరే విషయం, కింద చూడండి.

మతిమరుపు వచ్చింది. ఇది డిమెన్షియానా, డిప్రెషనా?

ఇంట్లో కూర్చుని తేల్చలేం, కానీ కొన్ని గుర్తులున్నాయి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు "నాకేమీ గుర్తుండట్లేదు" అని వాళ్ళే చెప్పుకుని బాధపడతారు, వారాల్లోనే మార్పు కనిపిస్తుంది. డిమెన్షియాలో, అంటే మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బులో, మతిమరుపు మెల్లగా మొదలవుతుంది, సాధారణంగా వాళ్ళు ఒప్పుకోరు, ఇంట్లోవాళ్ళు కనిపెడతారు. రెండూ కలిసి ఉండడం కూడా మామూలే. థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందు రక్తపరీక్షలు. చెవుడు సంగతీ చూడండి. వినపడక మాట్లాడడం మానేసిన వాళ్ళను మతిపోయిందని అనుకున్న ఇళ్ళున్నాయి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో అయోమయంగా మాట్లాడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది మనసుకు సంబంధించింది అనుకుని కూర్చోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, పక్షవాతం, ఏదైనా కావచ్చు. మన బ్లేజువాడ మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా అలా అవుతుంది. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

గ్యాస్, ఒళ్ళంతా మంటలు, తల దిమ్ము. స్కానింగులు అన్నీ నార్మల్. నటిస్తున్నారా?

లేదు. మన పెద్దవాళ్ళు "నాకు బాధగా ఉంది" అనడం తక్కువ. బాధ ఒంట్లోంచే మాట్లాడుతుంది. ఏడుపు కనిపించదు. ఆకలి పోతుంది, తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, పేపరు చదవాలనిపించదు. గ్యాస్ డాక్టరు, నరాల డాక్టరు, గుండె డాక్టరు అయ్యాక కూడా తేలకపోతే మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మొదటే వెళ్ళి ఉంటే స్కానింగుల ఖర్చు మిగిలేది.

ఈలోపు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర జోలికి పోవద్దు. అల్ప్రజోలం లాంటివి అలవాటు పడతాయి, పెద్దవాళ్ళలో తూలిపడి తుంటి ఎముక విరగడానికి దారితీస్తాయి. ఏళ్ళ తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

డిప్రెషన్ మందులు జీవితాంతం వాడాలా?

అందరికీ అక్కర్లేదు. వీటికి నిద్రమాత్రల్లా మత్తు అలవాటు ఉండదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. "పది రోజులు వేసుకున్నా, పనిచేయలేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. పెద్దవాళ్ళకు తక్కువ డోసుతో మొదలుపెడతారు. కొందరికి సోడియం తగ్గుతుంది కాబట్టి పరీక్ష చేయించమంటే విసుక్కోకండి.

"నేను పోతే మీకు పీడా పోతుంది" అంటున్నారు. బెదిరింపా?

బెదిరింపు అనుకుని ఊరుకోవద్దు. పక్కన కూర్చుని నేరుగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలాగన్నది కూడా ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడగడం వల్ల బరువు దిగుతుంది. ఆస్తి కాగితాలు అప్పగించడం, అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడడం, చాలా రోజుల అశాంతి తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం కనిపిస్తే ఒంటరిగా వదలకండి.

మిర్చి, పత్తి వేసే ఇళ్ళల్లో పురుగుమందు డబ్బాలు పశువుల కొట్టంలోనో మంచం కిందో ఉంటాయి. ఇవాళే ఇంట్లోంచి తీసేయండి. నిద్రమాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. ఆ ఆలోచన తీవ్రంగా ఉండే సమయం తరచూ తక్కువే. ఆ సమయంలో చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే 108. పోలీసు కేసవుతుందని ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఆస్తి పిల్లల పేర రాసేసి నిశ్చింతగా ఉండమంటున్నారు. రాయమంటారా?

దుఃఖంలో ఉన్న ఏడాదిలో ఏమీ రాయవద్దు. అన్నీ వదిలించుకోవాలన్న కోరిక ఆ సమయంలో బలంగా ఉంటుంది, దాన్ని వైరాగ్యం అనుకుంటారు. తర్వాత రాసినా, చూసుకోవాలన్న షరతును దస్తావేజులో స్పష్టంగా పెట్టించుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, వాళ్ళు చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567లో దారి చెబుతారు. వీలునామా అయితే బతికున్నంత కాలం మార్చుకునే వీలుంటుంది. మాకు అదే మేలనిపిస్తుంది.

గుడి, రామకోటి, భజన చాలవా?

కొందరికి చాలా మేలు చేస్తాయి, ముఖ్యంగా నలుగురితో కలిసి చేసేవి. ఇరవయ్యేళ్ళుగా దుర్గమ్మ కొండకు వెళ్ళే మనిషి "ఇప్పుడు దణ్ణం పెట్టినా ఏమీ అనిపించట్లేదు" అంటే మాత్రం అది డిప్రెషన్ గుర్తు. భక్తి తగ్గిందని తిట్టకండి.

డాక్టరు దగ్గరికి రమ్మంటే "నాకేం పిచ్చా?" అంటున్నారు. ఎలా తీసుకెళ్ళాలి? ఎక్కడికి?

అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి, మళ్ళీ నమ్మరు. "నిద్ర గురించి అడుగుదాం" అనండి. అది నిజం కూడా. ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారితో చెప్పిస్తే చాలామంది వింటారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్ళండి, ఓపీ క్యూ పెద్దది.

వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ఆయుర్వేదం, హోమియో, షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా. నిద్ర, తిండి, బరువు ఎప్పటి నుంచి మారాయో ఒక కాగితం మీద రాయండి. లోపలికి వెళ్ళాక మొత్తం మీరే చెప్పేయకుండా ముందు ఆయన్ను మాట్లాడనివ్వండి. కాసేపు మిమ్మల్ని బయట కూర్చోమని డాక్టరు అంటే కూర్చోండి.